పొద్దున్నే కడుపునొప్పి, బడి నుంచి ఉత్తరం

చెల్లెమ్మా, బాబుది ట్రూయెన్సీ (సరైన కారణం లేకుండా బడి మానడం) అని బడి నుంచి ఉత్తరం వచ్చిందని రాశారు, అంత టెన్షన్ పడకండి. అది పోలీసు కేసు కాదు. కాలిఫోర్నియాలో సరైన కారణం చెప్పకుండా ఏడాదిలో మూడు రోజులు మానేసినా, మూడుసార్లు అరగంటకు మించి ఆలస్యమైనా ఆ ఉత్తరం వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తేనే సార్బ్ అనే, పిల్లల హాజరు సంగతి చూసే బోర్డు దాకా వెళుతుంది. మిగతా రూల్స్ మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బాబు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడని రాశారే, నా మనసంతా ఆ మాట మీదే ఉంది.

మేం ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో మా అబ్బాయి ఒకటో తరగతి. సోమవారం వచ్చిందంటే వాడిదీ అదే పాట. జ్వరం ఉండేది కాదు. అయినా "సరేలే, ఇవాళ్టికి ఉండిపో" అనేదాన్ని. హెచ్4 (డిపెండెంట్) వీసా మీద వచ్చాను, డ్రైవింగ్ రాదు, ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. వాడు ఇంట్లో ఉంటే నాకు తోడు. ఇద్దరం ఉప్మా తిని, అమ్మమ్మకు వీడియో కాల్ చేసి కూర్చునేవాళ్లం. బడికి ఫోన్ చేసి చెప్పాలని కూడా తెలీదు. మన దగ్గరైతే మర్నాడు టీచరుతో ఒక మాట అంటే సరిపోయేది. ఇక్కడ ముందు ఫోన్లు, తర్వాత ఉత్తరం, ఆ తర్వాత మీటింగ్.

తిడతారనుకుంటూ వెళ్లాను. కౌన్సెలర్ మాత్రం, రీసెస్‌లో వాడు ఎవరితో ఆడుకుంటాడని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వాల్‌బాల్ అని గోడకు బంతి కొట్టే ఆట ఎలా ఆడాలో తెలియక, అడగడానికి ఇంగ్లీషు చాలక, రోజూ ఒక్కడే నిలబడేవాడట. వాడిని లంచ్‌లో చిన్న గ్రూపులో కూర్చోబెట్టింది, పై క్లాసు పిల్లాడిని జత చేసింది. నెమ్మదిగా కడుపునొప్పి పోయింది. వాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఇవన్నీ మాకు చెప్పినవాళ్లు లేరు, పడి నేర్చుకున్నాం.

మీరు మీటింగ్‌కి తప్పకుండా వెళ్లండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, ఏర్పాటు చేయాల్సింది వాళ్లే. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో పిల్లలందరికీ పొద్దున టిఫిన్ ఉచితం. కాస్త ముందే దింపితే నలుగురితో కలిసి తింటాడు. నిజంగా జ్వరమొస్తే ఆ పొద్దునే అటెండెన్స్ లైన్‌కి ఫోన్ చేయండి. ఉగాదికి మానిపించాలంటే ముందే రాసివ్వండి. టికెట్ చవకని సెలవులకు ముందే ఇండియా బయల్దేరేట్టయితే ఇండిపెండెంట్ స్టడీ (బడికి రాని రోజుల్లో పాఠాలు సొంతంగా చేసే ఏర్పాటు) కాగితం మీద సంతకం చేసి వెళ్లండి. ట్రూయెన్సీ కాకపోయినా, కారణం చెప్పి మానినవీ 'తరచూ మానే పిల్లాడు' అనే లెక్కలోకి వస్తాయి: 180 రోజుల్లో 18 దాకా రానివ్వకండి.

ఇక మీ సంగతి. నాలా ఇంట్లోనే ఉండిపోకండి. బడి లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి వాలంటీర్లు కావాలంటుంటారు, పేరివ్వండి. దానికి బడివాళ్లు టీబీ టెస్టు అడగొచ్చు, ఈ వారమే చేయించుకోండి.