వ్యవసాయ ఆర్థిక శాస్త్రం చదవబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థిక శాస్త్రంలో సీటు వచ్చిందన్న నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. అటు సేద్యమూ ఇటు అర్థశాస్త్రమూ పూర్తిగా రాని చదువని కొందరు నిన్ను భయపెట్టారని రాశావు. ఆ మాట పట్టించుకోకు. విత్తనం వేశాక వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు, వాన చేతిలో ఉండే దిగుబడి, నిలవ ఉండని సరుకు ఉన్నచోట మామూలు వ్యాపారపు లెక్క సరిపోదు కనుకనే ఈ శాస్త్రం విడిగా పుట్టింది.

దీనికి మంచి ఉదాహరణ సాలెగూడు సిద్ధాంతం. ఈ ఏడు ధర పలికిన పంటనే అందరూ వేస్తారు, కోత నాటికి సరుకు వెల్లువెత్తి ధర పడిపోతుంది, మరుసటి ఏడు సాగు తగ్గి ధర మళ్లీ లేస్తుంది. 1938లో అమెరికా వ్యవసాయ ఆర్థికవేత్త మొర్డెకై ఎజెకియల్ దీన్ని క్రమబద్ధంగా వివరించాడు. పుస్తకంలోని పటం చూసి ఊరుకోకుండా, ధరను నిలువు గీత మీద ఉంచి నీ చేత్తో గీసి చూడు. సరఫరా రేఖ గిరాకీ రేఖకన్నా నిటారుగా ఉంటే ధరల ఊగిసలాట క్రమంగా సద్దుమణుగుతుంది. వాలుగా ఉంటే ఏటికేడు పెరుగుతుంది. అలా గీసిన రోజున, ధర పతనానికి రైతుల దురాశే కారణమనే మాట నీకు చాలా పైపై మాటగా అనిపిస్తుంది.

గణితం, గణాంక శాస్త్రం మొదటి ఏడాదిలోనే గట్టిపరచుకో. వాటిని వాయిదా వేసినవారు ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో కొలిచి పరీక్షించే శాఖ) దగ్గర చతికిలపడడం నేను ఎన్నోసార్లు చూశాను.

అంతకన్నా ముఖ్యమైనది క్షేత్ర పరిశీలన. నా మొదటి సర్వేలో ఒక రైతు ఇంట్లో కూర్చుని విత్తనాలు, ఎరువులు, కూలి, అద్దె అన్నీ రాసుకుని, రాబడిలోంచి తీసివేసి లాభం తేల్చాను. కుటుంబ శ్రమ అన్న గడిలో, డబ్బు చేతులు మారలేదు కదా అని సున్నా వేశాను. మా ఆచార్యుడు ఆ కాగితం చూసి ఏమీ అనకుండా నన్ను మళ్లీ అదే ఇంటికి పంపారు. ఈసారి ఆ ఇంటి ఇల్లాలిని అడిగాను. ఆమె వేళ్లు మడుస్తూ నాట్ల రోజులు, కలుపు రోజులు, కోత రోజులు లెక్కపెట్టింది. ఒక చేతి వేళ్లు చాలక రెండో చెయ్యి తెరిచింది. ఆ రోజులకు కూలి కట్టి చూస్తే నేను రాసిన లాభం నష్టంగా మారింది. చేతి నుంచి నగదుగా పెట్టిన ఖర్చునూ సొంత శ్రమకు, సొంత భూమికి కట్టే విలువనూ వేర్వేరుగా చూపడం ఈ శాస్త్రంలో ప్రాణప్రదమైన విషయం. పంటల కనీస మద్దతు ధరలపై జరిగే వాదోపవాదాల్లో సగం, ఏ ఖర్చును లెక్కలోకి తీసుకున్నారన్న దగ్గరే నడుస్తాయి.

రైతు తప్పు చేస్తున్నాడని నీ లెక్క చెబితే ముందు నీ లెక్కనే అనుమానించు. సంప్రదాయ సాగు చేసే పేద రైతు తనకున్న వనరులను సమర్థంగానే వాడుకుంటాడని వాదించిన అమెరికా ఆర్థికవేత్త థియొడోర్ షుల్ట్జ్‌కు 1979లో ఆర్థర్ లూయిస్‌తో కలిపి అర్థశాస్త్ర నోబెల్ లభించింది. ఆ వాదనను విమర్శించినవారూ ఉన్నారు, ఇరుపక్షాలనూ చదువు.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. తరగతులు కిక్కిరిసి ఉంటాయి, ఆచార్యుల సమయం దొరకడం కష్టం. కాబట్టి వారి గదికి వెళ్లేటప్పుడు నువ్వు ఎక్కడిదాకా చేసి ఆగిపోయావో కాగితం మీద చూపించు. మృత్తికల విభాగం, కీటక శాస్త్ర విభాగం పక్కనే ఉంటే అక్కడి విద్యార్థులతో స్నేహం చెయ్యి. పురుగు మందు ఏ దశలో పనిచేస్తుందో తెలియకుండా దాని ఖర్చుకు ఫలితం ఎంతో తేల్చలేవు. ప్రజల డబ్బుతో నడిచే చోట చదువుతున్నావు కనుక, సర్వేలో తేలిన విషయాన్ని, సమాధానాలిచ్చిన కుటుంబాలకు వారి భాషలో చెప్పి రావడం నీ పనిలో భాగమే అనుకో.

పరిశోధనకు మార్గదర్శిని ఎంచుకునే ముందు, వారి దగ్గర పనిచేసిన ఇద్దరు పాత విద్యార్థులనైనా కలిసి మాట్లాడు. నీ మొదటి సర్వే పత్రం తయారు కాగానే, అచ్చుకు ఇవ్వకముందే నాకు ఒక ప్రతి పంపించు. ముందుగా కుటుంబ శ్రమ గడి ఎలా పెట్టావో చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య