నాన్నకు అన్నీ గుర్తున్నాయి, మనిషే మారిపోయారు: ఇదీ డిమెన్షియానేనా?

నరసన్నపేట తమ్ముడూ, మీ నాన్నగారికి 56 ఏళ్లు, కొట్టు బాకీలు పైసలతో సహా చెబుతారు, కానీ భోజనాల బంతిలో పక్కవాళ్ల విస్తట్లో బూరె తీసి తినేశారు, అమ్మ జ్వరంతో మూలుగుతున్నా పట్టించుకోలేదు అని రాశావు. చిల్లంగీ కాదు, పొగరూ కాదు. నువ్వు చెప్పినవన్నీ ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అనే మెదడు జబ్బులో, ప్రవర్తన మారిపోయే రకం లక్షణాలే. ఎక్కువగా 45–65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది.

మెదడు ముందుభాగం, కణతల వైపు భాగం ముందు దెబ్బతింటాయి. అందుకే మొదట్లో జ్ఞాపకం పోదు. తేదీ, ఊరు అడిగే పరీక్షలో 30కి 28 వస్తే కొందరు డాక్టర్లు "ఏమీ లేదు, తీసుకెళ్లండి" అనేస్తారు. లేదా మతిమరుపు మాత్ర డోనెపెజిల్ రాసేస్తారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ జబ్బుకి అది పనిచెయ్యదు, కొందరిలో చిరాకు పెంచుతుంది. దిగులుకి వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు మొండిపట్టును, తిండియావను కొంత తగ్గించగలవు. జబ్బును ఆపే మందు మాత్రం ఇంకా రాలేదు.

ఈ జబ్బులోనే మాట పోయే రకాలు రెండున్నాయి. ఒకదాంట్లో మాట గలగలా వస్తుంది, అర్థం జారిపోతుంది. "ఆ చేట ఇలా ఇవ్వండి" అంటే "చేటంటే ఏమిటి?" అని అడుగుతారు. చేతికిచ్చి బియ్యం పోస్తే తొలిరోజుల్లో చక్కగా చెరుగుతారు కూడా. రెండోదాంట్లో అర్థం తెలుసు, నోరు తిరగదు: "నేను... సంత... వెళ్ల..." అని ఆగిపోతారు. చేతి కండ తరిగినా, చర్మం కింద కండ అదిరినా, మింగడం కష్టమైనా నరాల డాక్టర్‌కి వెంటనే చెప్పు. కండరాలను నడిపే నరాలు దెబ్బతినే మోటార్ న్యూరాన్ జబ్బు కొందరిలో దీనికి తోడవుతుంది.

శ్రీకాకుళమైనా విశాఖైనా, వెళ్లేముందు ఏ నెలలో ఏం మారిందో కాగితం మీద రాయి, రెండు నిమిషాల వీడియో తియ్యి. అమ్మను డాక్టర్‌తో విడిగా మాట్లాడనివ్వు, నాన్న ఎదుట ఆవిడ నోరు విప్పరు. విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు, ఎంఆర్ఐ తప్పనిసరి. తొలిదశలో ఎంఆర్ఐ మామూలుగా వచ్చినా జబ్బు లేదని తేలినట్టు కాదు.

ఇంట్లో ముందు డబ్బు చూడు. ఎవరడిగినా ఇచ్చేస్తారు, ఎక్కడైనా సంతకం పెట్టేస్తారు. ఏటీఎం కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బండి తాళం నీ దగ్గరుండాలి. వాదనకు దిగకు, ఆయనకు తప్పు కనిపించదు. మిఠాయి డబ్బా కంటికి కనబడనివ్వకు. నోటినిండా కుక్కుకుంటే పొలమారుతుంది, అందుకే చిన్న ముక్కలు చేసి కొద్దికొద్దిగా వడ్డించండి, తినేంతసేపూ ఒకరు పక్కనే కూర్చోండి.