గ్రాంటు సొమ్ముకు ప్రైవేటు షరతు ఎందుకు?

ప్రశ్న: ఆఫ్రికాలో 2030 నాటికి 30 కోట్ల మందికి కరెంటు ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు ప్రకటించాయి. దానివల్ల ప్రైవేటు పెట్టుబడి, యువతకు ఉపాధి కూడా వస్తాయంటున్నారు. పేదవాడి ఇంట్లో దీపం పెట్టడానికి ప్రైవేటు సంస్థలు దేనికి? ఉద్యోగాలు నిజంగా వస్తాయా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆఫ్రికాలో కరెంటు లేనివారు సుమారు 60 కోట్ల మంది. అందరికీ లైన్లు వేయడానికి దాతల సొమ్ము చాలదు కనుక, సాయాన్ని ముందు నిలిపి దాని వెనుక ప్రైవేటు డబ్బును రప్పించాలన్నది 2024లో మొదలైన ఈ 'మిషన్ 300' ఉద్దేశం. ఆ లెక్కలో తప్పు లేదు. చిక్కంతా ప్రైవేటు సంస్థ ఏ పనికి, ఏ ఒప్పందంతో వస్తున్నదన్న దగ్గరే ఉంది.

ఘనా సంగతి చూడండి. 2012 తర్వాత అక్కడ కోతలు ఎంత ముదిరాయంటే, వాటికి 'దుమ్‌సోర్' అన్న పేరే స్థిరపడింది. అకాన్ భాషలో ఆర్పడం, వెలిగించడం అని దాని అర్థం. ఆ ఒత్తిడిలో ప్రభుత్వం, కరెంటు వాడుకున్నా వాడుకోకున్నా డబ్బు కట్టే పద్ధతిలో ప్రైవేటు ఉత్పత్తిదారులతో ఒప్పందాలు చేసుకుంది. తీరా 2019 నాటికి, అక్కరలేని ఉత్పత్తి సామర్థ్యానికి ఏటా 50 కోట్ల డాలర్లకు పైగా చెల్లిస్తున్నామని ఆ ప్రభుత్వమే చెప్పుకోవలసి వచ్చింది.

ఈలోగా 2014లో, అమెరికా ప్రభుత్వానికి చెందిన మిలీనియం ఛాలెంజ్ కార్పొరేషన్ 49.8 కోట్ల డాలర్ల గ్రాంటుకు ఒప్పుకుంది. దక్షిణ ఘనాలో కరెంటు పంపిణీని, అంటే మన డిస్కంలు చేసే పనిని, ప్రైవేటు నిర్వహణకు అప్పగించడం అందులో ముఖ్యమైన భాగం. 2019 మార్చిలో అప్పగించారు. ఆ ప్రైవేటు సంస్థ సమర్పించిన హామీ పత్రాలు చెల్లవంటూ ఘనా ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని జులైలో నిలిపివేసి, అక్టోబరులో రద్దు చేసింది. అమెరికా 19 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. మిగిలిన సొమ్ముతో అక్రా సమీపంలోని పొకువాసె, కసోవాలలో పెద్ద సబ్‌స్టేషన్లు మాత్రం లేచాయి.

ఆ షరతు వెనుక కారణం లేకపోలేదు. పంపిణీ సంస్థకు బిల్లులు వసూలు కాకపోతే, ఎన్ని సబ్‌స్టేషన్లు కట్టినా ఉత్పత్తిదారుకు బకాయిలే మిగులుతాయి. అయితే జనం ఒప్పుకోని సంస్కరణ ఎక్కడికి దారితీస్తుందో మనకు వేరే చెప్పనక్కరలేదు: 1999లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డును విడదీశాం, మరుసటి ఏడాది ఛార్జీలు పెంచితే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఇక ఉద్యోగాలు. స్తంభాలు నాటి, తీగలు లాగే పని నిర్మాణంతోనే ముగుస్తుంది. ఆ తర్వాతి ఉపాధి కరెంటు వాడుకునేవారి దగ్గర పుడుతుంది: వెల్డింగు షాపు, కుట్టుమిషన్లు, పిండిమర, చేపలు నిల్వచేసే ఐసు గది. వీటికి కనెక్షన్ ఒక్కటే చాలదు, మధ్యాహ్నం పూట వోల్టేజి నిలబడాలి. షాపు పెట్టే కుర్రవాడికి మిషను కొనడానికి అప్పు పుట్టాలి. అందుకే, ఇన్ని కోట్ల కనెక్షన్లు ఇచ్చామన్న ప్రకటన చూసినప్పుడు, రోజుకు ఎన్ని గంటల సరఫరా అని నేను ముందుగా వెతుకుతాను.