రీడింగ్ గెంతుతుంటే ముందు కోడ్ ముట్టుకోకు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. ఎల్‌ఎం35 టెంపరేచర్ సెన్సర్ పెట్టావు, గదిలో 30 డిగ్రీలుంటే నీ బోర్డు ఒకసారి 30 అంటుంది, ఇంకోసారి 32 అంటుంది, వంద రీడింగులు తీసి సగటు కట్టినా అదే గోల. కొలబద్దే సాగుతూ ఉంటే వందసార్లు కొలిచి ఏం లాభం చెప్పు?

కోడ్‌లో రిఫరెన్స్, అంటే చిప్పు కొలబద్దగా వాడే వోల్టేజీ, 5 వోల్టులని రాసుకున్నావు. అది యూఎస్‌బీ నుంచి వస్తోంది కదా, ఎప్పుడైనా మల్టీమీటర్ పెట్టి చూశావా? లోడ్ పడితే 4.7కి దిగడం పెద్ద వింతేం కాదు. 30 డిగ్రీలకి సెన్సర్ ఇచ్చేది 300 మిల్లీవోల్టులు. నిజంగా 5 వోల్టులుంటే 10 బిట్ల ఏడీసీలో (వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా మార్చే భాగం) 61 వస్తుంది, 4.7 ఉంటే 65 వస్తుంది. ఆ 65ని నీ కోడ్ మళ్లీ 5 వోల్టుల లెక్కలోనే వేసి 31.7 డిగ్రీలని చూపిస్తుంది. సెన్సర్ పాపం నిజమే చెప్పింది.

నీ బోర్డు మీది చిప్పు అట్‌మెగా328పీ లోపలే 1.1 వోల్టుల రిఫరెన్స్ ఉంది, దానికి మారిపో. అప్పుడు ఏడీసీ అంకెలో ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టుల నుంచి దాదాపు 1.1 మిల్లీవోల్టులకి తగ్గుతుంది, అంటే అర డిగ్రీ బదులు డిగ్రీలో పదో వంతు తేడా కూడా తెలుస్తుంది. కాకపోతే ఆ 1.1 వోల్టుల రిఫరెన్స్ పేరుకే, చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఎంతైనా ఉండొచ్చు, అందుకని ఏరెఫ్ పిన్ (చిప్పులో రిఫరెన్స్ బయటికొచ్చే కాలు) దగ్గర కొలిచి వచ్చిన అంకెనే కోడ్‌లో పెట్టు. ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ వెయ్యి. బయటి వోల్టేజీ మాత్రం దానికి కలపకు, లోపలి రిఫరెన్స్‌తో షార్ట్ అవుతుంది. మార్చిన వెంటనే వచ్చే మొదటి కొన్ని రీడింగులు పారెయ్.

(వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే థర్మిస్టర్, తిప్పితే మారే పొటెన్షియోమీటర్ లాంటివైతే ఈ బాధే లేదు. వాటిని రిఫరెన్స్‌గా వాడే వోల్టేజీతోనే నడిపితే, అది ఊగినప్పుడు రెండూ కలిసే ఊగుతాయి, నిష్పత్తి మారదు.)

ఇక గ్రౌండ్, అంటే కరెంటు తిరిగొచ్చే దారి. దీని దగ్గర నేనూ వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. రిలే (కాయిల్‌కి కరెంటిస్తే పడే స్విచ్) పడినప్పుడల్లా మూడు డిగ్రీలు పెరిగేది, ఫిల్టర్ మీద ఫిల్టర్ రాశాను. చివరికి చూస్తే రిలే కరెంటూ సెన్సర్ గ్రౌండూ బ్రెడ్‌బోర్డులో ఒకే వైరు మీద తిరిగొస్తున్నాయి. కాయిల్‌కి 70 మిల్లీ ఆంపియర్లు, ఆ దారిలో అర ఓమ్ ఉన్నా 35 మిల్లీవోల్టులు, అంటే మూడున్నర డిగ్రీలు! సెన్సర్ గ్రౌండ్‌కి వేరే వైరు లాగి నేరుగా చిప్పు గ్రౌండ్ పిన్ దగ్గర కలిపాను, రాసిన ఫిల్టర్లన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

బ్యాటరీ వోల్టేజీ కూడా చూడాలన్నావు, రెండు 100కే (కిలో ఓమ్) రెసిస్టర్లతో డివైడర్, అంటే వోల్టేజీని సగం చేసే జంట, అన్నావు. ఏడీసీకి అది 50కేగా కనిపిస్తుంది, ఈ చిప్పు కోరేది 10కే లోపు. ఏడీసీ లోపలి చిన్న కెపాసిటర్ నిండకముందే కొలిచేస్తుంది మరి. రెసిస్టర్లు తగ్గిస్తే బ్యాటరీ తాగేస్తాయి కాబట్టి పిన్ దగ్గర 100 నానోఫారడ్ పెట్టు, బ్యాటరీ నెమ్మదిగా మారేదే కనక సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే సగటు జోలికి వెళ్లు. 16 రీడింగులు కూడి 4తో భాగిస్తే 12 బిట్లు వస్తాయి, అదీ సిగ్నల్‌లో ఒక మెట్టంత సన్నటి నాయిస్ ఉంటేనే. అంకె కదలకుండా కూర్చుంటే ఎన్ని కూడినా కొత్తగా ఏమీ రాదు.

ఇవాళ ఒక్క పని చెయ్యి. నీ రిలే ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి, సెన్సర్ గ్రౌండ్ కాలికీ చిప్పు గ్రౌండ్ పిన్‌కీ మధ్య ఎన్ని మిల్లీవోల్టులున్నాయో కొలిచి ఆ రెండు అంకెలు పంపు.