అద్దెకున్నవారి గోలకు ఇంటి యజమానిని నిలదీయవచ్చా?

పక్కింటి పై అంతస్తులో అద్దెకున్నవారు వారం వారం అర్ధరాత్రి దాకా పాటలు పెట్టి గోల చేస్తున్నారని, అడిగితే యజమాని ‘అద్దె తీసుకోవడం వరకే నాకు సంబంధం’ అంటున్నారని రాశారు. ఆయన్ను తప్పకుండా నిలదీయవచ్చు. కాకపోతే కోపంతో కాదు, కాగితంతో.

మాది హైదరాబాద్‌లోని అశోక్‌నగర్. మా వెనక ఇంటి పై వాటాను ఒకాయన అద్దెకు తీసుకుని పార్టీలకు రోజువారీగా ఇచ్చేవాడు. శనివారం వచ్చిందంటే మా కిటికీ అద్దాలు అదిరేవి. తెల్లారి చూస్తే మా నీళ్ల ట్యాంకు పక్కన ఖాళీ సీసాలు పడి ఉండేవి. 100కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చేవారు, శబ్దం తగ్గేది. వాళ్ల వాహనం వీధి మలుపు తిరగగానే మళ్లీ మొదలయ్యేది. పోలీసులను తప్పుపట్టి లాభం లేదు. పబ్లిక్ న్యూసెన్స్‌కు, అంటే నలుగురికీ ఇబ్బంది కలిగించే పనికి, భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద జరిమానా ఎంత వేసినా వెయ్యి రూపాయలు దాటదు. ఒక్క రాత్రికి అంతకు ఎన్నో రెట్లు వసూలు చేసేవాడికి అదొక లెక్కా? అందుకే మేం యజమాని వైపు తిరిగాం.

యజమాని అయినంత మాత్రాన అద్దెదారు చేసిన ప్రతి పనికీ కోర్టు ఆయన్ను బాధ్యుణ్ని చేయదు. అలాంటి పనికే ఇస్తున్నానని తెలిసి ఇచ్చారా, దానికి ఆయన సమ్మతి ఉందా అని చూస్తుంది. కాబట్టి ‘నాకు తెలియదు’ అనే మాటకు ముందు తావు లేకుండా చేయాలి. ఏ రాత్రి ఎన్నింటికి మొదలైంది, ఎప్పుడు ఆగింది, 100కు ఎప్పుడు చేశాం అన్నవి ఒక నోటుబుక్కులో రాసి పెట్టాం. ఫోన్లో తీసిన వీడియోలు తేదీలతో దాచాం. ఆ వివరాలతో యజమానికి ఉత్తరం రాసి, అందినట్లు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపాం. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయని అందులో రాశాం.

ఆయన ఫోన్ చేసి ‘నా చేతిలో ఏముందమ్మా’ అన్నారు. ఈ మాట అస్సలు ఒప్పుకోకండి. చుట్టుపక్కల ఇళ్లవారికి ఇబ్బంది కలిగించే అద్దెదారును ఖాళీ చేయించవచ్చని తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది. అది తక్కువ అద్దె ఇళ్లకే వర్తిస్తుంది. మిగతా ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ఉంది. నెలవారీ అద్దె అయి, వేరే ఒప్పందమేదీ లేకపోతే అద్దె ఒప్పందాన్ని ముగించడానికి 15 రోజుల నోటీసు చాలు. ఖాళీ చేయించే హక్కు చట్టం ఇచ్చింది ఆయనకే. మనకు కాదు.

తర్వాత స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదులో అద్దెదారుతో పాటు యజమాని పేరూ రాశాం. నివాసమని పన్ను కట్టే ఇంట్లో రోజువారీ అద్దె వ్యాపారం నడుస్తోందని, ట్రేడ్ లైసెన్సు ఉందో లేదో చూడమని జీహెచ్‌ఎంసీకి వేరే అర్జీ పెట్టాం. నిజం చెప్పాలంటే ఆయన్ను కదిలించింది ఇదే. పన్ను మాట రాగానే స్వయంగా వచ్చి మాట్లాడారు. ఆ నెలాఖరుకల్లా వాటా ఖాళీ అయింది.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. దీన్ని ‘బ్యాచిలర్లకు ఇల్లివ్వకండి’ అనే ఉద్యమంగా మార్చకండి. మా అర్జీ మీద ఎక్కువ సంతకాలు పక్క హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలవే. ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బుతో ఇరుకు గదుల్లో ఉండి చదువుకునే వాళ్లకు మనకన్నా ఎక్కువగా నిశ్శబ్దం కావాలి. తప్పు చేసినవారి మీద, దాన్ని చూస్తూ అద్దె తీసుకున్నవారి మీద మాత్రమే ఫిర్యాదు చేయండి. సంతకాలకు అలాంటి పిల్లల దగ్గరకూ వెళ్లండి.

అర్జీలతో పని జరగకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ గోల ఆపాలనే ఉత్తర్వు, అడగవచ్చు. వీధి మొత్తానికి ఇబ్బంది అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద కనీసం ఇద్దరు కలిసి, కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. అంతదాకా వెళ్లాల్సి వస్తే లాయరుకు మొదట చూపించాల్సింది ఆ నోటుబుక్కు, స్పీడ్ పోస్టు రసీదు. యజమాని విదేశాల్లో ఉంటే అద్దె వసూలు చేసే బంధువుకో, ఆయన తరఫున వ్యవహరించే అధికారపత్రం (జీపీఏ) ఉన్నవారికో కూడా అదే ఉత్తరం పంపండి. పేరు తెలియకపోతే ఇంటి నంబరుతో ఆస్తి పన్ను వివరాల్లో వెతకండి.