‘ప్లమ్ పైన్’ పేరు చూసి తోట వేయకండి

ప్రశ్న: నర్సరీలో ‘ప్లమ్ పైన్’ అని చెప్పి 20 మొక్కలు ఇచ్చారు. ఏడాదంతా పచ్చగా ఉండి, పండ్లు కాస్తుందట. అక్కడి పెద్ద చెట్టుకు ఎర్రటి గుజ్జు, దాని కొసన పచ్చటి గింజ కనిపించాయి. అర ఎకరం చెల్కలో తోటగా వేయవచ్చా? ఈ ఆకు తింటే పశువులు చనిపోతాయని పక్క రైతు అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, పరకాల, హనుమకొండ జిల్లా

జవాబు: ముందు పశువుల సంగతి. మీ పక్క రైతు చెప్పింది ‘యూ’ అనే మరో చెట్టు గురించి అయి ఉంటుంది. దానికీ ఎర్రటి గుజ్జు ఉంటుంది. ఆకులోని విషం గుండెను ఆపేస్తుంది. కొద్దిగా మేసినా పశువు కుప్పకూలిపోతుంది. అది హిమాలయాల్లో, చల్లటి ఎత్తయిన కొండల మీద పెరుగుతుంది. మన ఎండలకు నిలవదు. అయినా మీ మొక్కలను కూడా మేకలకు అందనివ్వకండి. వీటి ఆకు, గింజ కూడా మంచివి కావు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి అది చైనా, జపాన్ దేశాల ‘బుద్ధిస్ట్ పైన్’. శాస్త్రీయ నామం పోడోకార్పస్ మాక్రోఫిల్లస్. అసలు ప్లమ్ పైన్ ఆస్ట్రేలియా తూర్పు తీరానిది, పోడోకార్పస్ ఎలేటస్. దాని గుజ్జు మన నేరేడు పండులా నల్లని ఊదా రంగులో ఉంటుంది. రెండూ ప్లమ్ కావు, పైన్ కూడా కావు. సరుగుడును పైన్ అని పొరబడినట్టే ఇదీ.

దాన్ని పండు అనడం కూడా మాటవరసకే. మామిడిలో టెంక గుజ్జు లోపల దాగి ఉంటుంది. ఇక్కడ ఉబ్బి ఎర్రబడినది కాడ. గింజ దాని కొసన బయటే కూర్చుంటుంది. ఈ జాతి వివృతబీజాల (గింజ పండు లోపల కాక బయటే ఉండే మొక్కల) కోవలోకి వచ్చేది అందుకే. గుజ్జు తినవచ్చు కానీ గింజను నోట పెట్టకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మరచిపోకండి.

తోటగా మాత్రం వద్దు. ఆడ, మగ చెట్లు వేరువేరు. గింజ మొక్కల్లో ఏది ఆడదో కాపుకు వచ్చేదాకా తెలియదు, పెరుగుదలా చాలా నెమ్మది. అన్నేళ్లు అర ఎకరాన్ని కట్టిపడేసి, ఆ పిడికెడు గుజ్జును ఏ మార్కెట్లో అమ్ముతారు? మీ కష్టం అలా పోవడం నాకు ఇష్టం లేదు.

రెండు మూడు మొక్కలు ఇంటి దగ్గర, మధ్యాహ్నం నీడ పడేచోట, నీరు నిలవని నేలలో నాటుకోండి. వేసవిలో పాదుల్లో ఎండుగడ్డి పరవండి. మిగిలినవి వాపసు ఇచ్చి చూడండి. చెల్కలో బాలానగర్ సీతాఫలం 5 మీటర్ల ఎడంతో వేస్తే అర ఎకరానికి 80 మొక్కలు పడతాయి. ఇకపై కొత్త మొక్క ఏది కొన్నా, బిల్లు మీద శాస్త్రీయ నామం రాయించుకోండి.