పనిలో ఉండగానే ప్రార్థన: మా చెల్లెలి కూతురికి

అమ్మలూ, వందనాలు. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెబుదామనుకున్నా గానీ బాబు ఏడుస్తన్నాడని పెట్టేశావు, అందుకే రాస్తన్నా, తీరిగ్గా చదువుకో. "యెడతెగక ప్రార్థన చేయమన్నాడు పౌలు, నేను గుంటూరు నుంచి బెజవాడ ఆఫీసుకి పోయి రావడానికే సరిపోతంది, ఇంటికొస్తే వంట, బాబు, అత్తగారి మందులు, నాకెట్టా కుదురుద్ది పెద్దమ్మా, పైగా ఎల్లప్పుడూ సంతోషంగా ఉండాలంట, గుడిలో నవ్వుతా ఉంటే నటించినట్టుంటంది" అన్నావు గదా.

ముందు ఒకటి చూడు. ఆ మాట రాసినాయన ఖాళీగా కూర్చుని రాయలా. ఆ మాటలు థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలోవి, ఆ మొదటి థెస్సలొనీక పత్రిక ఐదో అధ్యాయం అందరికీ నోటికొచ్చు గానీ రెండో అధ్యాయం తొమ్మిదో వచనం కూడా చదువు, ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టం చేసి బతికామని పౌలే చెప్తాడు. డేరాలు కుట్టిన మనిషి ఆయన. అంటే చేతిలో పని సాగతానే ఉంది, ప్రార్థనా సాగతానే ఉంది. కాబట్టి ఇంకో రెండు గంటలు ఎక్కడ్నించి తేవాలా అని కంగారు పడబాక, ఉన్న పనుల్లోకే ఆయన్ని పిలుచుకో.

1600ల్లో పారిస్‌లో లారెన్స్ అని ఒక సన్యాసి ఉండేవాడు, మఠంలో వంటింటి పని ఆయనది. ఆ వంటింటి గోలలో, తలా ఒకటి అడుగుతున్నప్పుడు కూడా మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఉన్నంత నెమ్మదిగా దేవుడితో ఉంటానని చెప్పేవాడంట. ఆయన క్యాథలిక్, మనం లూథరన్లం, అయినా ఆ మాట నాకు చాలా ఇష్టం.

నేను ఆస్పత్రిలో చేసినన్నాళ్లూ నాకు కుదిరిన పద్ధతి చెప్తా. ఒక బెడ్ దగ్గర్నించి ఇంకో బెడ్ దగ్గరికి పోయే ముందు చేతులు కడుక్కోవాలి గదా, సబ్బు వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు దాకా రుద్దుకునే ఆ కాసేపట్లో తర్వాత చూడబోయే మనిషి పేరు చెప్పేదాన్ని. "ప్రభువా, ఈమెకి రాత్రి నుంచి జ్వరం దిగలా, నువ్వు చూడు," అంతే. పెదాలు కూడా కదిలేవి కాదు, కుళాయి కట్టేసేసరికి ప్రార్థన అయిపోయేది. దీనివల్ల నాకు తెలిసిందేంటంటే, ఇప్పుడే పేరు పెట్టి దేవుడికి అప్పజెప్పిన మనిషి మీద వెంటనే విసుక్కోవడం చాలా కష్టం. నైట్ డ్యూటీల్లో నా సంతోషంలో సగం అక్కడ్నించే వచ్చింది.

నీకు బస్సుంది. మంగళగిరి దాకా నిద్రపో, ఫోన్ చూసుకో, ఆయనేం అనుకోడు. తాడేపల్లి దాటి వారధి ఎక్కగానే కృష్ణ కనపడుద్ది చూడు, ఆ బ్రిడ్జి దాటేదాకా కృతజ్ఞతలు మాత్రమే చెప్పు, అడగడం వద్దు. అదీ "అన్నిటికీ స్తోత్రం ప్రభువా" అని గుండుగుత్తగా కాదు, నిన్న జరిగింది విడివిడిగా, బాబుకి దగ్గు తగ్గింది, ఒక ఫైలు క్లియర్ అయింది, మీ ఆయన అడక్కుండానే పాలు తెచ్చాడు, ఇట్టాంటివి. సాయంత్రం అదే వారధి మీద ఇంట్లో వాళ్ల పేర్లు, అందులో అత్తగారి పేరు ముందు పెట్టు, ఎందుకో నీకు తెలుసు.

ఆఫీసులో, పాత నిబంధనలో పారసీక రాజుకి ద్రాక్షారసం అందించే పనిలో ఉన్న నెహెమ్యాని గుర్తు పెట్టుకో. రాజు ఎదురుగా నిలబెట్టి నీకేం కావాలని అడిగితే, జవాబు చెప్పేలోపు పరలోకమందలి దేవునికి ప్రార్థన చేశాడంట, నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయంలో. ఎంతసేపు చేసుంటాడు, ఒక ఊపిరి తీసుకునేంతసేపు. మీ మేనేజర్ కేకలేసినప్పుడు నీకూ అంత టైం ఉంటది. కానీ ఒకటి, ఆ ఒక్క ఊపిరి వెనక మొదటి అధ్యాయం ఉంది, యూదుల లెక్కలో కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, అంటే దగ్గర దగ్గర నాలుగు నెలల ముందు మొదలైన ఏడుపు, ఉపవాసం, ప్రార్థన. అందుకని పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టకముందు ఒక పది నిమిషాలు, బైబిలు తెరిచి, తలుపు దగ్గరకేసి, ఇది మాత్రం ఎవరి కోసమూ వదలబాక. గ్రూపుల్లో వాక్యం ఫార్వర్డ్ చేయడం దీని కిందకి రాదు, పంపుకో గానీ లెక్కలో వేయబాక. మధ్యలో నాలుగు రోజులు మర్చిపోయావే అనుకో, గుర్తొచ్చిన చోట మళ్లీ మొదలుపెట్టు.

ఇక సంతోషం సంగతి. నటించినట్టుంటే నటించడం మానెయ్. క్రీస్తు శకం 50 ప్రాంతంలో ఆ ఉత్తరం అందుకున్న థెస్సలొనీక వాళ్లు హింసల్లో ఉన్నారు, కొందరు తమవాళ్లని పోగొట్టుకున్నారు, నాలుగో అధ్యాయంలో పౌలు వాళ్లని నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దన్నాడే గానీ అసలు ఏడవొద్దనలా. మీ పెదనాన్న పోయినప్పుడు ఒకావిడ నా దగ్గరికొచ్చి విశ్వాసులు ఏడవకూడదమ్మా అంది. నేను ఒప్పుకోలా. తన స్నేహితుడు లాజరు చనిపోతే ఆయన సమాధి దగ్గర యేసే కన్నీళ్లు విడిచాడు గదా. ఆ రోజుల్లో నేను పదమూడో కీర్తన పట్టుకున్నా, ఆరే వచనాలు, ఎన్నాళ్లు నన్ను మర్చిపోతావని మొదలై పాటతో ముగుస్తది. కొన్ని రాత్రులు నేను మొదటి రెండు వచనాల దగ్గరే ఆగిపోయేదాన్ని, అయినా ఒక్కదాన్నే ఉన్నానని మాత్రం అనిపించలా, తెల్లారాక లేచి కాఫీ పెట్టుకునే బలం దొరికేది. "దుఃఖపడినవారమైనట్లుండియు ఎల్లప్పుడు సంతోషించువారము" అని పౌలు అన్నది దీన్నేనని నా నమ్మకం. నీకు సంతోషం లేనిరోజు "ఇవ్వాళ లేదు ప్రభువా" అని ఉన్నదున్నట్టు చెప్పేయ్, అదీ ప్రార్థనే.

ఇంకోటి, ఇది నర్సుగా చెప్తన్నా. వారాల తరబడి నిద్ర పట్టక, ఆకలి లేక, ఊరికే ఏడుపొస్తంటే డాక్టర్ దగ్గరికి పోవాలి, విశ్వాసం తక్కువైందని నిన్ను నువ్వు తిట్టుకుంటా కూర్చోబాక, నేను తోడొస్తా.

వచ్చే ఆదివారం గుడి అయ్యాక బాబుని తీసుకుని తిన్నగా మా ఇంటికి రా. వాణ్ణి నేను చూసుకుంటా, అన్నం కూడా నేనే తినిపిస్తా. నువ్వు లోపలి గదిలో తలుపేసుకుని ఒక గంట కూర్చో, నేను పిలిచేదాకా బయటికి రాబాక.

మీ పెద్దమ్మ